జ్వరానికి తలుపు తీసిన వానాకాలం

రంజాన్ నెల వచ్చిందంటే మా ఆయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవి. చార్మినార్ వెనక గల్లీలో, ఇనుప రేకుల కప్పు కింద, ఆయన పనిచేసే రంగుల ఖానా. పొయ్యిల మీద బగోనాలు మరుగుతుండేవి. గాజుల బజారు దుకాణాల నుంచి దుపట్టాలు మూటలుగా వచ్చి పడేవి. ఆడవాళ్ళు జాకెట్ ముక్క తెచ్చి, "బిల్కుల్ గిదే రంగు కావాలె" అని నిలబడేవారు. మా ఆయన రామలింగం ఆ ముక్కను ఒకసారి వెలుతురుకు పట్టి చూసి, డబ్బాల్లోంచి చిటికెడు చిటికెడు పొడి తీసి వేడినీళ్ళలో వేసి, చేత్తో కలిపేవాడు. కర్ర ఉండేది. కానీ చెయ్యి పెడితేగాని రంగు మాట వినదనేవాడు.

ఆ ఖానాలో మగవాళ్ళకు ఒక ఎకసెక్కం ఉండేది. వెనక గోడ దగ్గరికి పోయి వచ్చినవాణ్ణి మిగతావాళ్ళు "ఈయాల ఏం రంగు?" అని అడిగేవారు. పొద్దంతా రంగుల్లో మునిగినవాడికి మూత్రం కూడా రంగు తిరుగుతుందని వాళ్ళ లెక్క. ఎనభై రెండులో, రంజాన్ మొదట్లోనే, మా ఆయన గోడ దగ్గర్నుంచి వచ్చి "గులాబీ" అన్నాడట.

"పొద్దుగాల్నుంచి గులాబీ దుపట్టాలే ముంచుతుండు గదా. రంగు లోపటిదాకా పట్టింది అన్నకు" అన్నాడట కైలాసం. పక్క బగోనా అతనిదే. నోరు పెద్దది.

ఆ ముచ్చట ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

పండగకు ఖానా మూసేశారు. మా ఇల్లు ఉప్పుగూడలో, రైలు పట్టాలకు దగ్గర. రెండు గదులు, వాకిలి, వాకిట్లో ఓ మూల బండ పరిచిన మోరి, స్నానానికీ మూత్రానికీ అదే. పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున ఆయన మోరి దగ్గర్నుంచి లేచాక, నీళ్ళు పోద్దామని చెంబు తీసుకుని వెళ్ళాను. బండ మీద ఎర్రగా ఉంది.

"ఖానా బందయినంక చెయ్యి ముంచలేదు గదా నువ్వు" అన్నాను.

"లేదు. అయితేంది?"

"మరి గిదేం రంగు?"

ఆయన బండ వంక చూశాడు. "పక్కా రంగు" అన్నాడు. నవ్వబోయాడుగానీ నవ్వు రాలేదు. నేను నీళ్ళు పోశాను. రంగయితే నీళ్ళు తగలగానే పలచబడి పారిపోతుంది. ఇది దారాలు దారాలుగా విడిపోయి బండకు అంటుకుంది.

పెద్ద దవాఖానలో డాక్టర్ సీతారాం గారు సన్నటి గొట్టం పెట్టి లోపల చూశారు. మూత్రపు సంచిలో గోబీపువ్వులాంటి కంతి ఉందన్నారు. క్యాన్సర్ అన్నారు. ఆ గొట్టంతోనే దాన్ని గీకి తీశారు. మా ఆయన చేతి గోళ్ళ మూలల్లో ఎన్ని రోజులకూ పోని ఊదారంగు చూసి, "ఎప్పటి నుంచి చేత్తో కలుపుతున్నావు?" అని అడిగారు.

"మీసాలు రానప్పటి సంది సారూ."

"ఇది చాలావరకు ఆ రంగుల నుంచి వచ్చిందే అయి ఉంటుంది. గీకి తీసినా మళ్ళీ మొలిచే గుణం దీనిది. మొలిస్తే మూత్రపు సంచి మొత్తం తీసెయ్యాలి. పొట్ట మీద దారి చేసి, బయట ఓ సంచి కడతాం."

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "గట్లయితే ఇప్పుడే నన్ను ఇంటికి తోలుండ్రి. పొట్టకు సంచి కట్టుకొని, వాసన కొట్టుకుంట నేను బతుక."

"నేను తీస్తానని అన్లేదు. మొలవకుండా ఒక పని చెయ్యొచ్చు. కొత్తది. చేస్తామంటే చేద్దాం."

ఆ పని ఏమిటో డాక్టరు గారు చెప్పారు. పసిపిల్లలకు భుజం మీద వేసే టీబీ టీకా మందును నీళ్ళలో కలిపి, గొట్టంతో మూత్రపు సంచిలోకి ఎక్కిస్తారట. వారానికోసారి, ఆరు వారాలు. అందులో ఉండేది ప్రాణమున్న టీబీ పురుగే, కాకపోతే బలం తీసేసింది. మా మామ టీబీతోనే పోయాడు, మేముండే ఇంట్లోనే, ముందు గదిలో. నేను కాపురానికి వచ్చేసరికే పోయాడుగానీ, ఆ గది గోడకు ఆయన ఆనుకుని దగ్గిన చోట మా అత్త ఎన్నిసార్లు సున్నం వేయించిందో గల్లీ అంతా చెప్పుకునేవారు.

"రోగం పోనీకి రోగం పోస్తరా సారూ?" అన్నాను.

డాక్టరు గారు కుర్చీ మా దగ్గరికి జరుపుకున్నారు. "మీ గల్లీలో కుక్కలుంటాయి గదా అమ్మా. రోజూ చూసే మనిషిని చూసి మొరుగుతాయా?"

"మొరుగవు."

"ఒంట్లోనూ అట్లాంటి కాపలా ఉంది. తెల్లకణాలు. వాటికి ఎవ్వరూ నేర్పనక్కర్లేదు, మనతోనే పుడతాయి. ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుందే, అది వాటి పనే. కానీ ఈ కంతి బయటి నుంచి రాలేదు. నీ మొగుడి మాంసంలోంచే మొలిచింది. తెలిసిన మొహం. అందుకని అవి పక్కనే పండుకుని చూస్తుంటాయి. కొన్నయితే దాని పక్కన చేరి దానికే సేవ చేస్తాయని ఇప్పుడిప్పుడే చదువుతున్నాం. అందుకే మేం ఒక కొత్త దొంగను లోపలికి వదులుతాం. వాణ్ణి చూసి అవి లేస్తాయి. లేచినవి వాణ్ణీ కరుస్తాయి, పక్కనున్న దీన్నీ కరుస్తాయి."

"లేచినయని మనకెట్ల తెలుస్తది?"

"జ్వరం వస్తుంది. మంట పుడుతుంది. వస్తే భయపడకండి. అది వాటి అరుపే."

మా ఆయన చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "అవ్వకు చెప్పద్దు" అన్నాడు చివరికి, ఇంట్లో ఉన్న తల్లి గుర్తొచ్చి. అదే ఆయన ఒప్పుకోలు.

గాయం మానాక మందు మొదలుపెట్టారు. మొదటిసారి ఎక్కించినప్పుడు నన్ను పక్కనే ఉండనిచ్చారు. మందు లోపల ఉన్నంతసేపూ ఓసారి ఎడమకు, ఓసారి కుడికి, ఓసారి బోర్లా తిరగమన్నారు. అన్ని వైపులా తగలాలట.

"దుపట్టాను బగోనల తిప్పినట్లే" అన్నాడాయన నాతో, బోర్లా పడుకుని. "ఒక్క దిక్కే ఉంచితే మరకలు పడ్తయ్."

ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. రెండు బొంతలు కప్పినా పళ్ళు టకటకలాడాయి. మా అత్త కాశమ్మ కొడుకు నుదురు ముట్టి చూసి, పోయి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. ఇంట్లో జ్వరముంటే మా దగ్గర అట్లాగే కడతారు. వచ్చింది ఏదైనా సరే, ఇంకోటి దాని వెనక రాకుండా. రెండో వారమూ జ్వరం వచ్చింది. ఎండిన మండల పక్కన పచ్చివి కట్టింది.

బయటపడింది బ్లీచింగ్ పొడి దగ్గర. మందు ఎక్కించిన రోజు మూత్రం పోసిన చోట బ్లీచింగ్ పొడి చల్లమన్నారు. మాకు అది కొత్త కాదు, ఖానాలో తప్పుగా పట్టిన రంగు తీసెయ్యడానికి వాడేదే. నేను మోరిలో చల్లుతుంటే మా అత్త వెనక వచ్చి నిలబడింది.

"ఏందది?"

"మోరీల పురుగులైతున్నయత్తా."

"మీ మామ పోయిన్నాడు మున్సిపాలిటోళ్ళు ఇంటినిండ పోసింది గిదే. గీ వాసన నాకు తెల్వదనుకున్నవా?"

మా ఆయన దాచలేకపోయాడు. అంతా చెప్పాడు. ఆమె లొల్లి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. విని, లేచి పోయి, మా పిల్ల శారద కంచమూ గ్లాసూ తెచ్చి వేరే గూట్లో పెట్టింది. మా ఆయన తన గ్లాసు తానే తీసుకుని వాకిట్లో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి పిల్ల "బాపూ" అంటూ మీదికి వస్తే లేచి నిలబడేవాడు. మోరి వాడటం మానేసి, చెంబు పట్టుకుని పట్టాల అవతలికి పోవడం మొదలుపెట్టాడు. "పిల్ల తిరిగే జాగ గది" అన్నాడు.

మూడోసారి ఎక్కించాక జ్వరం రాలేదు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆయన రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. నాలుగోసారీ రాలేదు. దవాఖానకు పోయి నేనే సంతోషంగా చెప్పాను.

"మస్తుగున్నడు సారూ. ఒళ్ళు వెచ్చ గూడ కాలేదు."

డాక్టరు గారు రాస్తున్న పెన్ను ఆపారు. "మంట?"

"అది గూడ లేదు."

"మొదటి రెండుసార్లు అంత వచ్చి, ఇప్పుడు ఏమీ లేదా?" మా ఆయన వంక చూశారు. ఆయన కిటికీ వంక చూస్తున్నాడు. "ఇట్లా ఉంటే నాకు నచ్చదు. వచ్చే వారం మళ్ళీ గొట్టం పెట్టి చూస్తా. మొలకలు కనపడితే సంచి తీయడమే, ఇంక ఆగేది లేదు."

ఆ వారమంతా వాన. గల్లీలో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. ఒకనాడు పొద్దున ఆయన చెంబు పట్టుకుని తలుపు దాకా పోయి, వానను చూసి, వెనక్కి వచ్చి మోరి దగ్గర కూర్చున్నాడు. నేను పొయ్యి ముందు నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన లేవగానే వెళ్ళాను.

బండ మళ్ళీ ఎర్రగా ఉంది.

మొలిచింది అనుకున్నాను. ఇంక సంచి కట్టడమే, ఈయన కట్టించుకోడు, ఇంటికి తీసుకొచ్చేస్తాను, ముందు గదిలో గోడకు ఆనుకుంటాడు. ఇదంతా చెంబు వంచేలోపే నా కళ్ళ ముందు తిరిగింది.

"పద. ఇప్పుడే దవాఖానకు" అన్నాను.

"వానల ఏడికి? ఎల్లుండి ఎట్లనో పోయేదే గదా."

"మళ్ళ ఎర్రగ పడుతుంది. చూసినవా?"

"చూసిన. పోని."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. సంచి మాట ఎత్తితే చాలు ముఖంలో నెత్తురు లేకుండా పోయే మనిషి, ఎర్రగా చూసి కూడా పోనిమ్మంటున్నాడు. అప్పుడు చెంబులో నీళ్ళు బండ మీద పోశాను. దారాలు విడలేదు. మొత్తం పలచబడి, పచ్చటి కేసరి నీళ్ళలాగా జారిపోయింది. ఆయన విప్పి పడేసిన ధోతి మీద కూడా ఓ చుక్క ఉంది. చల్లనీళ్ళలో ముంచి పిండాను. నెత్తురు ఆరితే అంచు నల్లబడుతుంది, నీళ్ళకు మొండికేస్తుంది. నెలనెలా బట్టలుతుక్కునే ఏ ఆడదానికైనా తెలుసు. ఈ చుక్కకు అంచు లేదు. పిండిన నీళ్ళు నారింజరంగు తిరిగాయి.

ఆయన ఖానా ముఖం చూసి నెలలయింది.

"ఏం రంగు తాగుతున్నవ్ నువ్వు?" అన్నాను.

"పిచ్చి లేసిందా?"

"కైలాసమన్న అడిగినట్టే అడుగుతున్న. ఈయాల ఏం రంగు?"

గోడ పక్కన బియ్యం చెరుగుతున్న మా అత్త చాట ఆపి, కాళ్ళు చీరలోకి లాక్కుంది. అట్లా లాక్కోకపోతే నేను చూసేదాన్ని కాదు. ఆమె కాళ్ళకు పెళ్ళినాటి వెండి కడియాలుండేవి. మామ పోయినప్పుడు గాజులు తీశారుగానీ అవి రాలేదు, కాళ్ళు లావెక్కి పట్టేశాయి. ఇప్పుడు వాటి జాగాలో తెల్లటి చర్మం, లోపలికి నొక్కుకుపోయిన చుట్టు. కోయించి అమ్మేసింది.

"అత్తా" అన్నాను.

ఆమె బొడ్లోంచి వక్కల సంచి తీసి, దాంట్లోంచి గోలీల అట్ట తీసి చాటలో పెట్టింది. ఎర్రటి గొట్టాల గోలీలు. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. దాని మీద ఏం రాసుందో తెలియలేదుగానీ, ఆ రంగు మాత్రం నా చేతికి ఇంకా అంటుకునే ఉంది.

"టీబీ గోలీలు" అంది ఆమె. "గల్లీ చివర డాక్టరిచ్చిండు. మంచియి. దవాఖానకు పోయే ముందు రెండు దినాలు మింగద్దన్నడు, పెద్ద డాక్టరుకు తెలుస్తదని. ఉచ్చ ఎర్రగైతది, ఫికర్ చెయ్యకున్రి అన్నడు. మీ మామ నాడు గిసొంటియి లేకుండె. ఉంటే బతికేటోడు."

"నన్నడగాలె గదా అత్తా."

"నిన్నడిగితే ఏమంటవ్? డాక్టరు మాట అంటవ్. నా పెనిమిటిని తిన్న పురుగును నా కొడుకు కడుపుల పోస్తుంటే, నేను బియ్యం చెరుక్కుంట కూసోవాల్నా?"

"ఇంట్ల పిల్ల ఉందే" అన్నాడు మా ఆయన, నేల చూస్తూ. "నేనెట్లయితే గట్లాయె. దానికంటుకుంటే?"

వాళ్ళిద్దరి మీదా నాకు కోపం రావాలి. రాలేదు. అట్టను కొంగున ముడేసుకున్నాను. మా అత్త నా కొంగు పట్టుకుంది.

"తీస్కపోయి చూపెడ్తే ఆయన మందు ఆపేస్తడు. తిడ్తడు నా కొడుకును."

"తిట్టనీ. నువ్వు గూడ రా. పిల్లను గూడ ఎత్తుకో. నీకేం అడగాలెనో ఆయన్నే అడుగు."

డాక్టరు గారు తిట్టలేదు. అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది నేను అడగాల్సింది" అన్నారు. తర్వాత మా అత్తతో, "అవ్వా, ఇవి మంచి గోలీలే. టీబీ వచ్చినోళ్ళకు. కుక్కలను లేపడానికని నేను దొంగను వదిలితే, నువ్వు వాణ్ణి గడపలోనే చంపేసినవ్. అవి పండుకునే ఉన్నాయి" అన్నారు.

"ఆ దొంగ నా మనుమరాలి మీద పడితేనో?"

"పిల్లను ఇట్లా తే." శారద గౌను చెయ్యి పైకి జరిపారు. ఎడమ భుజం మీద వేలిముద్రంత మచ్చ, నడుమ గుంట. "ఇదేందో తెలుసా?"

"పుట్టినంక సూదేసిన్రు. పుండయి మానింది."

"ఈ పిల్లకు వాణ్ణి పసిగుడ్డప్పుడే చూపించేసినం. కుక్కలు లేచి, కరిచి, పండుకున్నాయి. ఆ మచ్చ అదే. నీ పెనిమిటిని తిన్నోడు కత్తి పట్టినోడు. వీనికి చేతులు కట్టేసినం."

మా అత్త వేలితో ఆ మచ్చను తడిమింది. రోజూ నీళ్ళు పోసే పిల్ల భుజాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"తప్పకుండ తగ్గుతదా సారూ?"

"అబద్ధం చెప్పను. అందరికీ పనిచెయ్యదు. కానీ దీనికన్నా మంచి దారి నా దగ్గర లేదు." అట్టను ఆమె చేతికే తిరిగిచ్చారు. "ఇవి పారెయ్యకు. జ్వరం దిగకుండా పట్టుకుంటే, దగ్గు వస్తే, అప్పుడు ఇవే కావాలి. నేను చెప్పేదాకా నీ దగ్గరే ఉండాలి. నువ్వే కాపలా."

ఆ రోజే గొట్టం పెట్టి చూశారు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. మా అత్త వక్కల సంచి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. డాక్టరు గారు తలుపు తీసుకుని వచ్చి, మొలకలు లేవు, ఒకచోట మాత్రం కందినట్టుంది, అది తనకు నచ్చలేదన్నారు. గోలీల గుణం ఒంట్లోంచి పోనిచ్చి మళ్ళీ మొదటి నుంచి ఎక్కిద్దామన్నారు. అప్పటికీ కాపలా లేవకపోతే ఇంక ఆయన చేతిలో మిగిలేది కత్తే.

బతుకమ్మ పూలు గల్లీల్లోకి వస్తున్న రోజుల్లో మళ్ళీ ఎక్కించారు. ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు, బోర్లా పడుకున్నాడు. ఈసారి దుపట్టాల మాట ఎత్తలేదు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాం. ముందు గదిలో మంచం వేశాను.

ఏమీ లేదు.

ఎండ గడప దాటి వాకిట్లోకి, వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది. నేను కూరగాయలు తరుగుతున్నట్టు కూర్చున్నాను. ఆయన నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. మాటిమాటికీ తన మెడ తనే ముట్టి చూసుకోవడం నాకు కనపడుతూనే ఉంది. మా అత్త గోడకు ఆనుకుని, మామ ఆనుకున్న చోటే, కాళ్ళు చాపి కూర్చుంది. ఎప్పటి జ్వరం ఎప్పుడు వస్తుందో ఆమెకు తెలుసు. ఆ వేళ దాటిపోయింది.

"అవ్వా, చల్లగనే ఉన్న" అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "ఇంక అవి లేవవేమో."

ఆమె తలుపు వంక చూసింది. గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి, ఎండినవీ పచ్చివీ కలిసి. లేచింది. పీట జరుపుకుంది. బోసి కాళ్ళతో దాని మీదికెక్కి, ఒక్కొక్క మండా తెంపింది. తాళ్ళు ముడిపడి ఉంటే పళ్ళతో కొరికింది. ఆకులన్నీ చాటలోకి ఎత్తి, వాకిలి దాటి, గల్లీలో పారబోసి వచ్చింది. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి పెట్టింది.

"చలిగాలి వస్తదత్తా" అన్నాను.

"రానీ."

దీపం పెట్టే వేళ ఆయన కాళ్ళు ముడుచుకున్నాడు. బొంత అడిగాడు. ఇంకో బొంత అడిగాడు. పళ్ళ చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినపడింది. మా అత్త నేల మీద జరుగుతూ మంచం దగ్గరికి పోయి, కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టింది. అట్లాగే ఉంచింది. తడిగుడ్డ అడుగుతుందని నేను నీళ్ళ గిన్నె అందుకున్నాను. వద్దని రెండో చేత్తో సైగ చేసింది.

శారద తలుపు దగ్గర నిలబడి, "ఏమైంది నాయనమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు బిడ్డా. కుక్కలు లేచినయ్" అంది మా అత్త. "ఇట్ల రా. బాపు పక్కకు కూసో."